చచ్చినవాడు తాగిన సూపు

ఫిలిబెర్త్ గోద్రియేకి చదువు చెప్పింది బడి కాదు, సీసం. పెళ్ళయిన కొత్తలో మొగుడు అనిసెకి రొట్టే ఎండుచేపా పట్టుకుని పారిస్‌లో అతను పనిచేసే అచ్చాఫీసు మెట్లెక్కేది. అతను తినేంతసేపూ సీసపు అక్షరాలు పోసిన గళ్ళపెట్టె ముందు నిలబడి, ఏ గడిలో ఏ అక్షరముందో తడిమి తడిమి నేర్చుకుంది. అచ్చక్షరం తిరగబడి ఉంటుంది కాబట్టి ఆవిడకి ముందు తిరగేసి చదవడం వచ్చింది. కాయితం మీద చదవడం ఆ తరవాత. ఆడది అక్షరాలు పేర్చే కంపోజింగు పనికి వస్తే సీన్ నదిలో దూకుతామన్న మగాళ్ళు, ఆవిడ చేతివేగం చూశాక ఒక్కడూ దూకలేదు.

ఆ దినపత్రికలో అనిసె పనంతా ఒక్క రచయిత కిందే. ఆయన పేరు వాల్మొరెల్. నాటకాలూ రాసేవాడు, రోజుకో భాగం చొప్పున నవలలూ రాసేవాడు. ఒక్కోసారి మూడు నవలలు కలిపి నడిపేవాడు. చేతిరాత కోడి గెలికినట్టుండేది. అది చదవగలిగింది ముందు అనిసె ఒక్కడే, తరవాత అతని పక్కన నిలబడి నేర్చుకున్న ఫిలిబెర్త్.

అంత తొందరలో రాస్తే తప్పులు రాకుండా ఉంటాయా? కత్తియుద్ధంలో కుడిచెయ్యి తెగినవాడు వారం తిరక్కుండా అదే చేత్తో ప్రేమలేఖ రాసేవాడు. నీలికళ్ళ పిల్ల నల్లకళ్ళతో ఏడ్చేది. ఒకావిడైతే రెండేళ్ళు కడుపు మోసింది. అక్షరాలు పేరుస్తూ పేరుస్తూనే అనిసె ఇవన్నీ దిద్దేసేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదు. "నీ చేతిమీదుగా పోయిన తప్పు నీ తప్పే" అనేది అతని మాట.

సీసం విషానికి విరుగుడని రోజూ గిన్నెడు పాలు తాగేవాడు. అయినా సీసమే గెలిచింది. మణికట్లు వేలాడిపోయాయి, వేళ్ళు వణికాయి. చివరి నెలల్లో మంచంలో పడుకుని దుప్పటి మీద అక్షరాలు ఏరుతూ ఉండేవాడు. వేలు ఎటు పోతే ఏ గడో ఫిలిబెర్త్‌కి తెలుసు కాబట్టి, అతను కూరుస్తున్నది చదివేది. వాల్మొరెల్ నవలే. అందులోనూ ఏదో తప్పు దిద్దుతున్నాడు.

అనిసె పోయాక ఆ స్థానంలో ఆవిడ నిలబడింది. ఆవిడా దిద్దింది. ఒకరోజు ప్రూఫు కోసం వచ్చిన వాల్మొరెల్ "మీవాడు ఎలా పోయాడమ్మా?" అని అడిగితే, ఎందుకు చెప్పిందో గాని, ఆ దుప్పటి సంగతి చెప్పింది. పని మొదలుపెట్టేముందు అనిసె వేళ్ళమీద మూడుసార్లు ఊదుకునేవాడని కూడా చెప్పింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆరునెలలకి ఆయన కొత్త హాస్యనాటకం వచ్చింది. అచ్చాఫీసువాళ్ళకి పై గ్యాలరీలో ఉచిత టికెట్లు. రెండో అంకంలో పికొలే అనే తాగుబోతు కంపోజిటరు వచ్చాడు. వేళ్ళమీద మూడుసార్లు ఊదుకున్నాడు. వణుకుతూ దుప్పటి మీద నల్లులు ఏరి, "ఇది అ, ఇది ఆ" అంటూ వరసగా పేర్చాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. ఫిలిబెర్త్ పక్కన కూర్చున్న తోటి కంపోజిటర్లు కూడా ముందు నవ్వేశారు. తరవాత ఒక్కొక్కడే ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాడు.

మర్నాడు పనిలో ఎవడో అలవాటుగా చేతులు ఊదుకున్నాడు. గది మూలనుంచి "పికొలే!" అని కేక, దాని వెంట నవ్వు. అన్నేళ్ళు అనిసె నిలబడ్డ చోట ఇప్పుడు పికొలే నిలబడ్డాడు. ఫిలిబెర్త్ తలెత్తలేదు. ఆ పేరు అక్కణ్ణించి లాగి పారెయ్యాలి, అనిసె పేరు మళ్ళీ పెట్టాలి. ఆ రోజునుంచీ ఆవిడకి అదే ధ్యాస.

చిన్నాచితకా తప్పులొస్తే దిద్దేసింది. పెద్దదానికోసం కాచుకుంది. ఫిబ్రవరిలో ఒక గురువారం అది నడుచుకుంటూ వచ్చింది. నవల పంతొమ్మిదో భాగంలో సీన్‌లో మునిగి చచ్చి, పూడ్చిపెట్టబడ్డ డాక్టరు మొగ్రేన్ అరవైమూడో భాగంలో సత్రంలో కూర్చుని, మీసాలు తుడుచుకుంటూ ఉల్లిపాయ సూపు తాగుతున్నాడు. రెండుసార్లు వడ్డించుకున్నాడు కూడా.

'డాక్టరుగారి తమ్ముడు' అని మార్చేస్తే సరిపోతుంది. అలవాటైన వేళ్ళు అటే వెళ్ళాయి. వెనక్కి లాక్కుంది. ఎలా ఉన్నది అలా కూర్చింది. పగ తీర్చుకోవడానికైనా పాడుపని చెయ్యకూడదు కదా, జన్మలో కూర్చనంత నీటుగా కూర్చింది. ఒక్క అక్షరం తిరగబడలేదు, ఒక్క సందు ఎక్కువ కాలేదు. ప్రూఫులు చూసే ఆయనకి ఆవిడే రాతప్రతి పైకి చదివి వినిపించింది. రెండూ సరిపోయాయి.

శుక్రవారానికి పారిస్ అంతా సూపు తాగింది. కాఫీ హోటళ్ళలో "చచ్చినవాడి సూపొకటి!" అని కేకలు. నాటకశాలలో పికొలే వణుకుతూ రంగం మీదకి రాగానే గ్యాలరీలోంచి ఎవడో "ముందు నాడి చూడండ్రా, ఆ తరవాత వడ్డించండి!" అన్నాడు. నాలుగోరోజుకి ఆ అంకంలో నటుడి మాట ఒక్కటీ వినపడలేదు.

అయిదోరోజు పొద్దున్నే వాల్మొరెల్ అచ్చాఫీసుకి వచ్చిపడ్డాడు.

"ఎవరు చేశారయ్యా ఇది?"

మేస్త్రీ లజార్ రాతప్రతి తీసి ముందు పెట్టాడు. "నాకు మీ రాత చదవడం రాదుగాని అయ్యగారూ, డాక్టరు పేరు మాత్రం గుర్తుపట్టగలను. ఇదిగో, మీ చేత్తోనే."

"రాశానయ్యా, రాస్తే? పదకొండేళ్ళు దిద్దినవాళ్ళు ఇప్పుడెందుకు దిద్దలేదు?"

ముప్ఫైమంది చేతులు ఒక్కసారి ఆగిపోయాయి. అన్న మాట వెనక్కి తీసుకునే దారి ఆయనకి లేదు.

ఫిలిబెర్త్ పాలగిన్నె కింద పెట్టింది. "ఏం దిద్దాం అయ్యగారూ? కుడిచెయ్యి సంగతా? కళ్ళరంగు సంగతా? రెండేళ్ళ కడుపా? మీరే చెప్పండి, మావాళ్ళు వింటారు."

"సరే, నీకేం కావాలో చెప్పు. పికొలేని తీసేస్తాను."

"వాణ్ణి మీ సూపే చంపింది. మా ఆయన మీద ఉమ్మిన ఎంగిలి మీరే తుడవాలి. రేపు నవల కింద, మీ పేరుతో, ఇన్నేళ్ళూ మీ తప్పులు దిద్దిందెవరో వెయ్యండి."

"వెయ్యకపోతే?"

"ఏముంది? నాకివ్వాళ కళ్ళు మసగ్గా ఉన్నాయి. రేపటి భాగం ఇంకెవరిచేతనైనా చదివించుకోండి."

లజార్ ఆ రాతప్రతి కట్ట తీసుకుని పక్కవాడికిచ్చాడు. వాడు తిరగేసి చూసి ఇంకోడికిచ్చాడు. "ఇది రాతా వదినా, చీమలకి సిరా తాగించారా?" అన్నాడు మూడోవాడు. కట్ట గదంతా తిరిగి మళ్ళీ ఫిలిబెర్త్ దగ్గరికే వచ్చింది. అప్పుడు వాల్మొరెల్ పేజీలు కట్టే రాతిబండమీద వంగి, నిలబడే నాలుగు పంక్తులు గిలికి విసిరేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఫిలిబెర్త్ చదివింది. 'పదకొండేళ్ళపాటు నా పొరపాట్లను మౌనంగా సరిదిద్దిన ఉత్తమ కార్మికుడు, కీర్తిశేషుడు పికొలేకి నా కృతజ్ఞత.'

మళ్ళీ చదివింది. వెక్కిరింపు కాదు. తొందర. ఆ మనిషికి అనిసె పేరు గుర్తులేదు, అంతే.

"ఏం రాశాడు వదినా?" అన్నాడు లజార్.

ఆవిడ తప్ప చదవగలిగినవాడు ఆ గదిలో లేడు. ఉన్నదున్నట్టు కూరిస్తే చాలు, తను కల్పించిన బొమ్మకి తనే దణ్ణం పెట్టుకున్న మొనగాడని పారిస్ ఇంకో నెల నవ్వుతుంది. ఆయన మళ్ళీ తలెత్తడు. వేళ్ళు జిల పుట్టినట్టు అటే లాగాయి. కాని ఆ నాలుగు పంక్తుల్లో అనిసె ఉండడు.

ఎన్నడూ లేనిది, వేళ్ళమీద మూడుసార్లు ఊదుకుంది. గదిలో ఒక్కడూ నవ్వలేదు. 'అనిసె గోద్రియే' అని కూర్చింది.

పత్రిక అచ్చయి బయటికి పోయాక, ఆ కాయితం ముక్కని తన గళ్ళపెట్టె పైన గోడకి మేకుతో కొట్టింది. ఆ రాత ఎవరికీ అర్థం కాదు కాబట్టి, అందులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా గోడపోస్టర్లకి వాడే పెద్ద కొయ్యక్షరాలతో అచ్చుగుద్ది దాని కిందే అతికించింది. లజార్ పత్రికలో అనిసె పేరూ, గోడమీద పికొలే పేరూ చదివి, "దీన్నెవడు పీకినా వాడి చెయ్యి విరుస్తా" అన్నాడు.

తరవాత తొమ్మిదేళ్ళు ఫిలిబెర్త్ అక్కడే పనిచేసింది. వాల్మొరెల్ తప్పు ఒక్కటి కూడా మళ్ళీ దిద్దలేదు, పోనివ్వనూ లేదు. ఎర్రపెన్సిలుతో గీత పెట్టి కబురు పంపేది. ఆయన మూడంతస్తులు ఎక్కి, రొప్పుతూ వచ్చి, అందరూ చూస్తుండగా ఆ గోడ ముందే నిలబడి, తన చేత్తో తనే దిద్దుకునేవాడు. ఆయన దిద్దడం అయ్యేదాకా ఆవిడ పాలు తాగుతూ కూర్చునేది.