తార్యే వేసిన ఈల

మా నార్వే తీరంలో పడవెక్కినవాడెవడూ ఈల వేయడు. వేస్తే గాలి లేస్తుందని భయం. ఆ ఈలే వేసి నా మొగుడు తార్యే ఊరి నోళ్లలో పడ్డాడు.

ఇంగ్లీషువాళ్లతో మాకు యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ వేసవిలో గాలి పడిపోయి, వాళ్ల యుద్ధనౌక తెరచాపలు వేలాడేసుకుని మా రేవు ముందు నిలిచిపోయింది. తార్యే, మిగతా జాలర్లూ ఫిరంగి పడవల్లో తెడ్లు వేసుకుంటూ వెళ్లి, దాని వెనక చేరి కాల్చారు. ఇంకో రెండు గుండ్లు పడితే మునిగేదే. అప్పుడు తార్యే ఈల వేశాడు. ఏం మాయో, గాలి లేచింది. ఓడ తప్పించుకుపోయింది.

"నీ నోరు పడిపోను! గాలిని పిలిచి మరీ శత్రువుని సాగనంపావు కదరా!" అని తిట్టనివాడు లేడు. ఆయన మాత్రం నాకొక్కదానికే చెప్పాడు: "ఓడ మీద బందీల్లో మన గున్వాల్ ఎర్రటోపీ కనిపించిందే."

గున్వాల్ ఆయన తమ్ముడు. ద్రోహి అనిపించుకోవడం కన్నా తెలివితక్కువవాడు అనిపించుకోవడమే నయమనుకున్నాడు మహానుభావుడు.

నాలుగేళ్లకు యుద్ధం ముగిసి, గున్వాల్ చెర నుంచి ఎముకల గూడై తిరిగొచ్చాడు. మా బల్ల దగ్గర చేపల పులుసు తాగుతూ నవ్వాడు.

"ఆవేళ వాళ్ల కెప్టెన్ లొంగిపోతామని జెండా దించబోతున్నాడు అన్నా! నువ్వా ఈల వేయకపోతే ఆ సాయంత్రమే ఇంట్లో ఉండేవాణ్ణి."

నేను చెప్పేయబోయాను. బల్ల కింద తార్యే నా కాలు గట్టిగా తొక్కాడు.