వానను మళ్లించిన రోకలి

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. తొంభైల్లో ఒక ఎండాకాలం, బంధువుల పెళ్లికి మాకు దక్షిణాన ఉండే హెబ్బగోడి వెళ్లాను. అనంతపురం వైపు మా ఊళ్లో ఆ ముందటేడు వానల్లేక వేరుశనగ ఎండిపోయింది. అక్కడేమో నడి ఎండల్లో వడగళ్లు! పెళ్లిపందిరి కూలిపోతుందని మా బంధువులు అద్దెకున్న ఇంటి ఓనరమ్మ రోకలి తెచ్చి వాకిట్లోకి విసిరింది.

"ఏమక్కా, వానను కొడతాండావా?" అన్నాను.

"రోకలి బయటేస్తే వాన నిలిచిపోతాదమ్మా."

నా ప్రాణం ఉసూరుమంది. "నిలపొద్దక్కా! వాన కోసం మేము కప్పలకు పెళ్లి చేస్తాండాము. మా దిక్కుకు పంపించు."

ఆమె పకపకా నవ్వి, తడుస్తూనే వెళ్లి రోకలిని ఉత్తరానికి తిప్పింది. "పో వానప్పా, అనంతపురానికి పో!"

వాన నిలిచింది, పెళ్లి జరిగింది. తిరిగొస్తే మా వాకిలి పొడిగానే ఉంది. అయినా మబ్బు పట్టినప్పుడల్లా నా చూపు దక్షిణానికే పోతుంది.

మీ ఇంట పందిరి వేసిన రోజు వాన ఆగాలి, విత్తనం వేసిన రోజు కురవాలి.