బిన్నులో నిలబడ్డ వడ్లు

మా తమ్ముడు తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో పనిచేసేవాడు. ఉడికించిన వడ్లు నిలవ చేసే ఇనప బిన్నులో, జారకుండా ఆగిన వడ్లను కదపడానికి దిగి, కూరుకుపోయి చనిపోయాడు. అప్పుడు నేను ఎం.టెక్. చదువుతున్నాను. ఇసుక, గింజలు లాంటివి ఒత్తిడికి ఎలా కదులుతాయో కంప్యూటర్లో నమూనా కట్టడం నా పని.

తమ్ముడు పోయాక ఏలూరులో మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు మిల్లు యజమాని వచ్చాడు. ప్రార్థన అయ్యాక అమ్మ పక్కన కూర్చుని, నలుగురికీ వినపడేలా, మెత్తగా అన్నాడు:

"కుర్రాడు మంచోడేనండీ. ఆ పూట కాస్త మందేసుకుని ఎక్కాడు. లేకపోతే గట్టిగా ఉన్న వడ్ల మీద నించున్నోడు ఎందుకు కూరుకుపోతాడండీ?"

తమ్ముడు మందు ముట్టడు. అది అమ్మకు తెలుసు. కానీ ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. తర్వాత చర్చిలో ఎవరు పలకరించినా ఆ ప్రశ్నే వేశారు.

నా నమూనాను బిన్ను ఆకారానికి మార్చాను. ఒక్కో గింజనూ గుండ్రని బిళ్లగా తీసుకుని, పక్క గింజలు దాన్ని ఎంత నెడతాయో, ఎంత రాపిడి పెడతాయో లెక్క కట్టాలి. పొడి గింజలు అడుగు ద్వారంలోంచి జారిపోయాయి. సరిగా ఆరని వడ్ల జిగురు కలిపేసరికి, ద్వారం పైన ఒకదానికొకటి ఆనుకుని ఇంటి కప్పులా నిలబడిపోయాయి. కింద ఖాళీ. పైన చూస్తే చదునైన నేల. మనిషంత బరువు పెట్టగానే కూలింది. ఆ మనిషి తాగాడా లేదా అన్నది లెక్కలో ఎక్కడా అవసరం పడలేదు.

యజమానికి చూపించాను.

"ఇవి మా వడ్లేనాండీ? బూందీలా ఉన్నాయే," అని నవ్వాడు. రెండోసారి చూపించమన్నాడు. ఈసారి నవ్వలేదు. "డ్రయ్యరు ఖాళీ కావాలని తొందరపెట్టింది నేనేనండీ. ఇంకా ఆరాల్సిన వడ్లవి."

"ఆ మాట తమ్ముడి సంవత్సరం కూడికలో అందరి ముందూ చెప్పండి. అమ్మ అడిగేది అదొక్కటే."

"తప్పకుండానండీ."

వచ్చాడు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాడు.

"ఈ అమ్మాయి చదువు పుణ్యమా అని మా మిల్లులో ఇప్పుడు ఎవరూ బిన్నులోకి దిగక్కర్లేదండీ. బయటినించే కదిపే ఏర్పాటు చేశాం. ఆ కుర్రాడు ఆ పూట ఒళ్లు తెలిసి ఉండుంటే, పాపం, ఇవాళ ఇదంతా చూసేవోడు."

కొందరు ఆమెన్ అన్నారు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకి అర్థమయ్యేలా చెప్పలేదేంటే?"

"అర్థమైందమ్మా," అన్నాను.