మస్తానయ్య లెన్సు మీది బొట్టు

యుద్ధం చూసొచ్చిన లెన్సు ఒకటి దొరవారిసత్రం దగ్గర, పులికాట్ ఒడ్డున అమ్మకానికి ఉందని విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. సంగంలో చాలాకాలంగా స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లూ, ఓణీల వేడుకలూ, పాస్‌పోర్టు ఫొటోలూ తీసి బతికే నాకు పాత కెమెరాలు పోగుచేసే పిచ్చి ఉంది. "ఇంట్లో మనుషులకన్నా కెమెరాలే ఎక్కువ" అని మా ఆవిడ దెప్పుతుంది. అబద్ధమేమీ కాదు. స్టూడియోలో అద్దాల బీరువా నడి అర ఖాళీ చేసి మరీ బయల్దేరాను.

సంగం నుంచి నెల్లూరుకు మొదటి బస్సు పట్టుకున్నాను. మాఘమాసం కదా, పెన్న మీద మంచు ఇంకా లేవలేదు. నెల్లూరులో కారం దోసె తిని స్టేషనుకు వెళ్లేసరికి ఏడు దాటింది. సూళ్లూరుపేట వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కండి, ఎక్స్‌ప్రెస్సులు దొరవారిసత్రంలో ఆగవు. టికెట్టు ఆ కారం దోసె ఖరీదు కూడా కాదు. బండి టైము మాత్రం ముందురోజే కనుక్కోండి.

మనుబోలులో ఒకావిడ గోంగూర మూటతో ఎక్కి నా కెమెరా సంచీ వైపు చూసింది.

"ఎవురి పెళ్లన్నా?"

"పెళ్లి కాదక్కా. యుద్ధంలో వాడిన కెమెరా లెన్సు కొనేదానికి పోతుండా."

"పెళ్లికీ దానికీ పెద్ద తేడా ఏముండాదిలే" అని మూట సర్దుకుని కూర్చుంది. పెట్టెలో సగం మంది నవ్వారు. నాయుడుపేటలో దిగేటప్పుడు నాకొక గోంగూర కట్ట ఇచ్చి వెళ్లింది.

పది గంటల ప్రాంతంలో దొరవారిసత్రంలో దిగాను. నేలపట్టు పక్షుల కోసం వచ్చేవాళ్లు దిగేదీ ఇక్కడే. రాత్రికి ఉండాలంటే సూళ్లూరుపేటకు వెళ్లాలి, లాడ్జీలు అక్కడున్నాయి. షేర్ ఆటోలో నాతోపాటు ఇద్దరు మనుషులూ, ఐసు నింపిన పెట్టెలూ ఉన్నాయి. వరి మళ్లు దాటాక గాలి ఉప్పగా తగిలింది. దూరంగా సరస్సు నీళ్లలో ఫ్లెమింగో కొంగలు గుంపుగా నిలబడి ఉన్నాయి. ఇంకోరోజైతే ఆటో ఆపించేవాణ్ణి. ఆరోజు నా మనసంతా లెన్సు మీదే.

లెన్సు అమ్ముతానన్న మస్తానయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. వయసులో మద్రాసు పోయి ఫొటో ల్యాబులో పనిచేసి, అక్కణ్నుంచి వార్తా సంస్థలో చేరి కాబూలు, బాగ్దాదు తిరిగి యుద్ధం ఫొటోలు తీసిన మనిషి. మోకాట్లో ఇనప ముక్క దిగాక ఇల్లు చేరాడు. ఇప్పుడు తమ్ముడి పడవలో చేపలకు పోతున్నాడు. ఆయన భార్య రమణమ్మ నాకు మజ్జిగ ఇచ్చింది. కూతురు మౌనిక లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. పెట్టిందన్న మాటేగానీ చెయ్యి తీయలేదు.

మూత తీస్తే, బూట్ల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాల మధ్య, థర్టీఫైవ్ ఎం.ఎం. లెన్సు. పొట్టిది, గుప్పెట్లో పట్టేంత. ఒంటి నిండా గీతలు, ఒక పక్క సొట్ట. తిప్పి ముందువైపు చూసి బిత్తరపోయాను. అద్దమే కనబడలేదు. పసుపూ కుంకుమా నూనెలో మెదిపి పెట్టిన బొట్టు మీద బొట్టు, పెచ్చు కట్టి ఉంది.

అలవాటు కొద్దీ జేబులోంచి గుడ్డ తీశాను.

"తుడవాకన్నా!" రమణమ్మ గట్టిగా అరిచింది. "అది ఆయుధపూజ బొట్టు. పడవకీ, వలకీ, ఇంజనుకీ పెట్టినట్టే దీనికీ ఏటా పెడతా. ఆ మనిషిని పానాలతో ఇల్లు చేర్చింది ఇదే. దీని బొట్టు తుడిస్తే నా బొట్టు తుడిచినట్టే. అమ్మొద్దంటే ఈయన ఇనడు."

"దాని కన్ను పోయిందన్నా" అన్నాడు మస్తానయ్య. "మీ బీరువాలో పెట్టుకునేదానికి కన్నెందుకు?"

మాటల్లో పెట్టి పాత సంగతులు అడిగాను. ఆయన చెయ్యి వలలో ఆడుతూనే ఉంది.

"ఎప్పుడూ రెండు కెమెరాలు తగిలించుకునే పొయ్యేది. ఒకదానికి పొడుగు లెన్సు, ఇంకోదానికి ఇది. దుమ్ములో లెన్సులు మార్చేదానికి తీరికేదీ? ఎండకి మెరవకుండా కంపెనీ పేరు మీద నల్ల టేపు. పొడుగుదయితే దూరంగా నిలబడి తీసుకోవచ్చు. ఇది అట్ట కాదు. దగ్గిరికి పోతేనే పలుకుతాది, దగ్గిరికే లాక్కపోతాది." మోకాలు తడుముకున్నాడు. "కంటికి పెట్టుకునే ముందు ఒకసారి ఎనక్కి చూసుకోవాల, తప్పుకునే దోవ ఉండాదా లేదా అని. ఆ పొద్దు నేను చూడలా."

అమ్మడం ఎందుకో అప్పుడు బయటపడింది. నెల్లూరులో ఒక పత్రిక మౌనికను ఫొటోగ్రాఫరుగా రమ్మంది. సొంత సరంజామా తెచ్చుకోవాలి. సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి సంపాదించుకుంది, దానికి తగిన లెన్సు లేదు.

"తుఫానొస్తే అందురూ ఊరొదిలి పోతావుంటే, ఈ పిల్ల దానికి ఎదురు పోవాలన్నా" అన్నాడు మస్తానయ్య. "ఆ పొట్టిది చేతిలో ఉంటే ఇది ఆగదు. నా బిడ్డ నాకు తెలుసు."

నేను లెన్సు అటూ ఇటూ తిప్పుతున్నాను. కుంకుమ పెచ్చు అంచు దగ్గర నా గోటికి సన్నటి గాడి తగిలింది. లెన్సు అంచు కాదది. లెన్సుకు ముందు బిగించిన వేరే అద్దం, ఫిల్టరు. నోరు మూసుకుంటే ఆ లెన్సు నాది. నడి అర కళ్లముందు కదిలింది. కానీ నోరు ఆగితేనా?

"ఇది ఫిల్టరు గదా! బొట్టంతా దాని మీదే ఉండాది. తుడవబళ్లేదు, ఇప్పితే చాలు."

మౌనిక తండ్రి వైపు చూసింది. ఆయన సరస్సు వైపు చూశాడు.

"నీకు తెలుసా నాయనా?"

"నేను బిగించిందే గదమ్మా. తెలియకుండా ఎట్ట ఉంటాది?"

ఫిల్టరు ఉప్పుగాలికి బిగుసుకుపోయింది. నేను తిప్పాను, రాలేదు. మౌనిక సైకిలు ట్యూబు ముక్క తెచ్చి అంచు చుట్టూ చుట్టి, నెమ్మదిగా తిప్పింది. కిర్రుమని కదిలింది. బొట్టు చెక్కుచెదరకుండా అద్దం ఊడి రమణమ్మ చేతిలోకి వచ్చింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. కింద అసలు అద్దం చెరువు నీళ్లలా తేటగా ఉంది. టార్చి వేసి చూశాను, బూజు చుక్క లేదు. ఆ పొట్లాలు ఊరికే పోలేదు.

మౌనిక తన కెమెరా తెచ్చి లెన్సు తగిలించింది. టక్కుమని కూర్చుంది. తండ్రి లెన్సుకు సరిపోయేదే వెతికి కొనుక్కుందని అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఎక్కడా మస్తానయ్య ఫొటో లేదు.

"నాయనా, ఒక్కటి తీసుకోనా?"

ఆయన వల కింద పెట్టాడు. ఆ పిల్ల కెమెరా ఎత్తబోయి ఆగి, తల తిప్పి వెనక్కి చూసింది. అక్కడ పడవ తాడు కట్టిన మేకు ఉంది. దాన్ని తప్పించుకుని పక్కకు జరిగి, అప్పుడు కెమెరా కంటికి పెట్టుకుని దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. టప్పుమంది.

మస్తానయ్య ఫొటో వైపు చూడనే లేదు. ఆ మేకు వైపే చూస్తున్నాడు. అట్లా చూస్తూనే భార్యను పిలిచాడు.

"ఇంజను పెట్టెలో నల్ల టేపు ఉంటాది, తీసుకురా."

కూతురి కెమెరా ఒళ్లో పెట్టుకుని, మెరిసే పేరు మీద టేపు అంటించి, బొటనవేలితో అంచులు ఒత్తాడు. నా కళ్లు చెమ్మగిల్లాయి, దాచడమెందుకు? ఆ తర్వాత లెన్సు బేరం మాట ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం రొయ్యల ఇగురు, మామిడికాయ వేసిన మట్టగిడస చేపల పులుసు. ఈ తీరానికి వచ్చి పులుసు తినకుండా వెళ్లకండి. నా గోంగూర కట్ట రమణమ్మకిచ్చాను. ఆటో ఎక్కబోతుంటే ఆమె వెనకాలే వచ్చింది.

"అన్నా, ఆ ముందర అద్దం కొత్తది ఒకటి పంపించన్నా."

"ఎందుకక్కా? లెన్సు బాగానే ఉండాది గదా."

"బాగుంటే సరిపోద్దా? బిడ్డ పనికి పోతాది. దసరాకి బొట్టు యాడ పెట్టేది?"

నాలుగు గంటల బండి కాస్త ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. వచ్చేటప్పుడు పట్టించుకోని కొంగలు గుర్తొచ్చి, మళ్లీ రావాలనుకున్నాను. యుద్ధం చూసిన లెన్సు కోసం వెళ్లి ఖాళీ సంచీతో తిరిగొస్తున్నా, ఇంత తేలిగ్గా నేను ఏ పెళ్లి నుంచీ ఇంటికి రాలేదు. బీరువాలో ఆ అర ఖాళీగానే ఉండనీ అనుకున్నాను.

నెల్లూరులో దిగి, సంగం బస్సుకు ఇంకా సమయం ఉందని ట్రంకు రోడ్డులో కెమెరా దుకాణానికి వెళ్లాను. ఒక లెన్సు కొలత చెప్పి, దానికి సరిపడే ఫిల్టర్లు నాలుగు కావాలన్నాను.

"లెన్సు ఒకటే అంటుండారు, నాలుగెందుకన్నా?" అన్నాడు దుకాణంలో కుర్రాడు.

"దసరా ఏటా వస్తాది గదా" అన్నాను.