వేలు ఆగిన పేజీ

మా లైబ్రరీ మాస్టారు పోయి ఈ ఆదివారానికి ఇరవై రోజులు. దుఃఖం కాస్త తగ్గాక ఆయన గురించి తీరిగ్గా రాయాలనుకున్నాను. ఆ వ్యవధి లేదు. నెలాఖరున కమిటీ కూర్చుని ఆయన బీరువా సంగతి తేల్చేస్తుంది. ఈలోగా ఈ పత్రిక చదివే మీకు ఒక నిజం చెప్పాలి. చెప్పడానికి భయంగా ఉంది. చెప్పకపోతే జరగబోయేది తలుచుకుంటే ఇంకా భయంగా ఉంది.

ఆ ఉదయం నేను లైబ్రరీ తలుపు తాళం తీస్తున్నాను. మాస్టారి తమ్ముడుగారు సైకిలు మీద వచ్చి, దిగకుండానే, "అన్నయ్య తెల్లారగట్ల పోయాడమ్మా" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఇక తప్పు ఒప్పుకుందామన్నా ఆయన లేరు అన్నదే ముందు తోచింది.

మాస్టారిది యానాం. ఫ్రెంచివాళ్ళ కాలంలో అక్కడి బడిలో పాఠాలు చెప్పారు. వాళ్ళు వెళ్ళిపోయాక విజయవాడ వచ్చి, కాలవ గట్టునున్న మా లైబ్రరీలో చేరారు. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి అదే కుర్చీలో కూర్చునేవారు. తలుపు పక్కన ఉన్న అద్దాల బీరువా ఆయన పెంచింది. ఫ్రాన్సు యాత్రలు, అక్కడి చిత్రకళ, చరిత్ర. కొన్ని ఫ్రెంచిలో, ఎక్కువ ఇంగ్లీషులో. పుస్తకాన్ని ఎప్పుడూ 'ఇది' అనేవారు కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని గురించి అడిగినట్టు, "ఈయన ఉంటారా, వెళ్తారా?" అనేవారు.

మా వాళ్ళది కొల్లేరు. చేపలు పట్టడం, అమ్మడం. అమ్మ ఈ ఊరొచ్చి గంపతో వీధులు తిరిగి నన్ను చదివించింది. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటి మనిషిని నేనే. లైబ్రరీలో అసిస్టెంటుగా చేరిన మొదటి వారమే మద్రాసు నుంచి పుస్తకాల కట్ట వచ్చింది. చూసి, నచ్చినవి ఉంచుకుని, మిగిలినవి తిప్పి పంపాలి. మాస్టారు ఆ కట్ట విప్పి నా ముందు పెట్టారు.

"ఎవరిని ఉంచుదాం?"

"నాకేం తెలుసండీ! ఫ్రాన్సు ఏ మూల ఉందో మ్యాపు చూస్తే గాని తెలీదు."

"భయమా?"

"అవునండీ."

"మంచిదే. భయం లేనివాడు అట్ట చూసి కొనేస్తాడు."

ఆయన పద్ధతి ఆ రోజే చూశాను. కొత్త పుస్తకాన్ని ఎవరో ఒకరి చేతిలో పెట్టేవారు. ఏమీ చెప్పేవారు కాదు. వాళ్ళు పేజీలు తిప్పుతుంటే ముఖం చూసేవారు కాదు, వేలు చూసేవారు. "కళ్ళు మొహమాటానికైనా చూస్తాయమ్మా. వేలికి మొహమాటం ఉండదు. ఆగిందంటే అక్కడ తనకి కావలసిందేదో ఉన్నట్టే." ఎవరి వేలూ ఎక్కడా ఆగకపోతే ఎంత గొప్ప పుస్తకమైనా మద్రాసు తిరిగి వెళ్ళిపోయేది.

ఒకసారి వాన పడుతుంటే, కాలవ లాకుల తలుపులెత్తే లస్కరు మా వరండాలోకి వచ్చాడు. ఫ్రాన్సు కాలవల్లో పడవ ప్రయాణం చేసిన వాళ్ళ పుస్తకం అతని చేతిలో పెట్టారు మాస్టారు. లాకు ఫొటో దగ్గర వేలు ఆగింది.

"ఇదేంటండీ, ఒక్క ఆడమనిషి తిప్పుతోంది! మేం నలుగురం కిందా మీదా పడతాం. ఈ బొమ్మ మా ఇంజనీరుగారికి చూపించాలండీ, సిగ్గన్నా వస్తది."

మంగళగిరి నుంచి చీరల మూటతో వచ్చే నేతాయన, పాత చర్చి కిటికీల్లోని రంగుటద్దాల దగ్గర ఆగిపోయి రెండు బస్సులు వదిలేశాడు. ఎరుపు పక్కన ఆ నీలం ఎలా పెట్టారో చూస్తున్నానన్నాడు.

ఇంకో రోజు మా అమ్మ గంప ఖాళీ చేసుకుని నా కోసం వచ్చింది. మాస్టారు ఆమెకు బొమ్మల పుస్తకం ఇస్తుంటే నేను అడ్డం వెళ్ళాను.

"అమ్మా, ముందు చేతులు కడుక్కో!"

"ఉండమ్మా, చూడనీ," అన్నారాయన.

"నాకు చదువు రాదండీ మేష్టారూ."

"నేను చదవమన్నానా?"

అమ్మ తిప్పింది. మేడలు, రాజులు, తోటలు. వేలు ఆగలేదు. సముద్రపు ఒడ్డున గంప నెత్తిన పెట్టుకుని నడుస్తున్న ఒకావిడ బొమ్మ దగ్గర ఆగింది.

"గంప ఇట్టా పెడితే మెడ విరుగుద్ది. ఈ బొమ్మ గీసినోడు ఏనాడూ గంప మొయ్యలేదండీ."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. "ఆయన ఉంటారు," అన్నారు. పేజీకి చేపల వాసన అంటిందేమో, కమిటీ సెక్రటరీ గారు పట్టుకుంటారేమోనని నాకు వారం రోజులు నిద్ర లేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

వచ్చినవాళ్ళు వెళ్ళాక మాస్టారు చేతికందిన కాగితం ముక్క మీద ఏదో రాసుకునేవారు. ఇంటి సరుకులనుకున్నాను. వాటిని ఏం చేసేవారో గమనించలేదు. మొన్న ఆయన ఆస్పత్రిలో చేరినప్పుడు, తిరిగొచ్చేసరికి సంతోషిస్తారని బీరువా మొత్తం దులిపాను. పుస్తకం పుస్తకానికీ ఒక చీటీ. బస్సు టిక్కెట్ల వెనకా, క్యాలెండరు ముక్కల వెనకా ఒక్కో మాట. హడావుడిలో నా కంటపడినవి మూడే. తలుపు. నీలం. గంప. 'పుస్తకాలలో కాగితాలు ఉంచరాదు' అని మా గోడ మీద బోర్డు ఉంది. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి నియమం అది. చదివినవాళ్ళు గుర్తు కోసం పెట్టి మరిచిపోయారనుకున్నాను. అన్నీ ఏరి, పెరట్లో ఎండుటాకులతో కలిపి తగలబెట్టాను.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళి, "బీరువా శుభ్రం చేశానండీ" అని గొప్పగా చెప్పాను.

ఆయన తల కాస్త ఎత్తారు. "చీటీలున్నాయా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఏ పేజీలో ఎవరి వేలు ఆగిందో, ఇన్నేళ్ళుగా ఆయన రాసి పెట్టుకున్నవి అవి.

"ఉన్నాయండీ," అన్నాను.

"అయితే భయం లేదు," అని కళ్ళు మూసుకున్నారు. ఆయన నాతో అన్న చివరి మాట అదే.

ఇప్పుడు సెక్రటరీ గారు పోటీ పరీక్షల గైడ్లకు చోటు కావాలంటున్నారు. "ఫ్రాన్సు మనకెందుకమ్మా? ఇక్కడ బందరు బస్సులోనే సీటు దొరకదు," అని నవ్వి, ఒక్క అవకాశం ఇచ్చారు. బీరువాలోని ప్రతి పుస్తకానికీ, అది మన ఊళ్ళో ఎవరికి, ఎందుకు కావాలో ఒక్క వాక్యం రాసివ్వాలి. రాయలేనివి బయటికి పోతాయి. నా దగ్గర మూడు వాక్యాలున్నాయి. లస్కరుది, నేతాయనది, మా అమ్మది. మిగతావి నేను కాల్చేశాను. ఈ సంగతి సెక్రటరీ గారు కూడా ఇక్కడే మొదటిసారి చదువుతారు. "ఉద్యోగం పోతే గంపుంది. ముందు చెప్పెయ్," అంది అమ్మ. ఆ ధైర్యం నాకు లేదు. అయినా రాస్తున్నాను.

మీలో ఎవరికైనా, ఎప్పుడైనా, మా వరండాలో ఒక పెద్దాయన పుస్తకం అందించి మాట్లాడకుండా నిలబడి ఉంటే, దయచేసి గుర్తు చేసుకోండి. పుస్తకం పేరు అక్కర్లేదు. ఏ బొమ్మ దగ్గర, ఏ ఊరి దగ్గర, ఏ రాజు కథ దగ్గర ఆగారో ఒక్క మాట కార్డు మీద రాస్తే చాలు. పేజీ నేను వెతుక్కుంటాను. రాయడం రానివాళ్ళు ఎవరిచేతైనా రాయించండి, లేదా వచ్చి చెప్పండి.

నిన్న అమ్మ చూసిన పుస్తకం తెరిచాను. గంప ఆవిడ పాదాల దగ్గర, కాగితానికి అంటుకుని, ఎండిన చేప పొలుసు ఒకటి ఉంది. నా దులుపుడుకి అది రాలలేదు. కిటికీ వెలుగులో అభ్రకం ముక్కలా మెరిసింది. అది ఊడిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి పుస్తకం మూశాను. బీరువాలో మిగతావన్నీ చీటీలు లేని పేజీలతో నన్నే చూస్తున్నాయి. మీ కార్డు ఈ నెల ఇరవయ్యో తేదీలోగా నాకు చేరాలి.