అరారాత్ మంచు మీద కాజాల డబ్బా

గంగరాజు గారికి ఉన్నది ఒకటే జబ్బు: ఎదుటివాడి నోరు ఆడకపోతే ఆయనకు ఊపిరాడదు. దేవుడు ప్రత్యక్షమైనా వరాల సంగతి తర్వాత, ముందు "ఏవైనా తిన్నారాండీ?" అని అడిగే రకం. అచ్చమైన కోనసీమ మనిషి. కువైట్‌లోని దజీజ్‌లో ఏసీల షోరూం మేనేజరు. కొననన్నవాడి చేతిలో కూడా ఓ కాజా పెట్టి గానీ పంపేవారు కాదు.

2011 వేసవిలో ఆ మహానుభావుడు టర్కీలోకెల్లా ఎత్తైన మంచుకొండ అరారాత్ ఎక్కుతానన్నారు. కువైట్ తెలుగువాళ్ళు ఆరుగురు జట్టు కట్టారు. అందులో బెజవాడ కామేశ్వరి గారొకరు. యాభై దాటిన ఆవిడ ఒక్కసారి ఆ మంచు మీద నిలబడాలని పంతం పట్టారు. "మోకాళ్ళు అరిగాక కొండలేమిటే?" అని అక్కచెల్లెళ్ళు ఒకటే నవ్వు.

శుక్రవారం శుక్రవారం కువైట్ ఎడారిలోని ముత్లా గుట్టల మీద సాధన. నాలుగడుగులు వేశారో లేదో, గంగరాజు గారు చతికిలబడి డబ్బా మూత తీసేవారు.

"రండి రండి, పులిహోరండీ! తినకుండా కదిల్తే నా మీద ఒట్టే!"

"ఈ తిండిపోతుతో మనం కొండెక్కినట్టే!" అని కుర్రాడు ఫణి తల పట్టుకునేవాడు. కామేశ్వరి గారూ నవ్వేవారు.

కొండ దగ్గర గైడు హసన్ ముందే చెప్పేశాడు: జట్టుకు వెనకబడ్డవాళ్ళను అక్కణ్ణుంచే కిందికి పంపేస్తానని. కామేశ్వరి గారు బూటు తాళ్ళు మరోసారి బిగించుకున్నారు.

కొండ మీదా అదే తంతు. రాళ్ళదారిలో సున్నుండలు, పై మజిలీలో పూతరేకులు. సగం పూతరేకులు గాలే తినేసింది. "యల్లా, యల్లా! కదలండి!" అని హసన్ మొత్తుకుంటే వినే నాథుడేడీ?

చివరిది మంచువాలు. బూట్లకు ఇనపముళ్ళు కట్టుకుని ఎక్కుతుంటే కామేశ్వరి గారు ఊపిరందక ఆగిపోయారు. హసన్ వెనక్కి తిరిగి, కిందికి చెయ్యి చూపించి, "మేడమ్, డౌ..." అన్నాడు.

మాట పూర్తయితేగా! గంగరాజు గారు వాడి నోట్లో కాజా కుక్కేశారు. "ముందు నోరు తీపి చేసుకో బాబూ!"

చలికి రాయైపోయిన కాజా. హసన్ నమల్లేడు, ఉమ్మలేడు, మాట్లాడలేడు. వాడది మింగేలోగా కామేశ్వరి గారి ఊపిరి కుదుటపడింది.

"ఇప్పుడు పదండమ్మా," అన్నారు గంగరాజు గారు మెల్లగా.

అప్పుడు వెలిగింది ఆవిడకు. ఈయన డబ్బా తెరిచినప్పుడల్లా తను వెనకబడే ఉంది. అందరూ కూర్చుని నములుతుంటే వెనకబడ్డదెవరో ఏ గైడు మాత్రం చెప్పగలడు!

శిఖరం మీద, కాళ్ళ కింద మంచును చూసుకుని కామేశ్వరి గారు ఏడ్చారు, నవ్వారు. డబ్బాలో మిగిలిన ఒక్క కాజా తీసి ఆయనకిచ్చారు.

"ఇది మాత్రం మీరే తినాలి అన్నయ్యగారూ!"

"అమ్మో! నాకు షుగరు తల్లీ, స్వీటు ముట్టి ఏళ్ళైపోయిందండీ," అన్నారాయన కంగారుగా. "మీరు తినేసి, ఎలా ఉందో చెప్పండి చాలు!"