జేబులో పట్టే డబ్బా

ఆ వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన్ని ఎదురుగా అందరూ మాస్టారూ అనేవారు. వెనకాల మాత్రం ‘ఇంకాస్త’ అనేవారు. వాచీ తయారైందా అని ఎవరు అడిగినా, కంటికున్న భూతద్దం తీయకుండానే ‘ఇంకాస్త పనుంది’ అనడం ఆయన అలవాటు. ఆ ఇంకాస్త ఒక పూట కావచ్చు, పదిహేను రోజులూ కావచ్చు. ఇంటర్వ్యూకి పెట్టుకెళదామని వాచీ ఇచ్చిన ఒకతను, ఉద్యోగం వచ్చి మొదటి నెల గడిచాక గానీ దాన్ని తీసుకెళ్ళలేదని చెప్పుకుంటారు. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆయన చెయ్యి పడ్డ గడియారం రెండోసారి ఆయన దగ్గరికి వచ్చేది కాదు.

కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. మూడంతస్తుల మేడకి మెట్ల కింద ఉన్న మూల. ఒక బల్ల, ఒక దీపం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక స్టూలు. లేచినప్పుడల్లా పై మెట్టు తలకి తగులుతుంది. ముప్ఫై ఏళ్ళుగా అది తగులుతూనే ఉంది, ఆయన తిడుతూనే ఉన్నాడు. ఇంట్లో భార్యా, కూతురూ. భార్య ఆసుపత్రిలో నర్సు. మనిషిని చూడగానే నొప్పి ఎక్కడో చెప్పేస్తుంది, మొగుడి నొప్పి ఎక్కడో మరీ బాగా చెబుతుంది.

కూతురిది కొండవాగుల్లో నీటిమట్టం కొలిచే ఉద్యోగం. వానాకాలం నాలుగు నెలలూ పైనున్న వాగులన్నీ తిరగాలి. నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో కొలకర్ర పెట్టి చూసి, కింద ఊళ్ళవాళ్ళకి ముందే కబురందించాలి. ఆ పనంటే ఆమెకి ప్రాణం. వాగుల సంగతి ఎత్తితే చాలు, కంచంలో చెయ్యి ఎండిపోతున్నా పట్టించుకోకుండా చెబుతూ కూర్చుంటుంది. కిందటి వానాకాలంలో ఆమెతో పాటు తిరిగే పెద్దాయన కాలుజారి బండల మధ్య పడి, కాలు విరగ్గొట్టుకున్నాడు. మర్నాటిదాకా అక్కడే ఉండిపోయాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన ప్రాణరక్షణ సంచీ ఉండనే ఉంది. ఎక్కడ? జీపులో. అంత బరువు వీపున వేసుకుని కొండెక్కేవాడెవడు? అందరూ దాన్ని జీపులో వదిలేసే వెళ్ళేవారు. ఆయన్ని వెతికి కిందికి తీసుకొచ్చారని కూతురు ఇంట్లో చెప్పింది, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

తండ్రి కూడా ఏమీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం. పెద్దాయన స్థానంలో కూతుర్ని ఊహించుకున్నప్పుడల్లా ఆయన పట్టకారులోంచి స్క్రూ జారి కింద పడేది. స్క్రూలు జారవిడిచే వాచీ మేస్త్రిని ఎవరైనా చూశారా? ఆయనా చూడలేదు. అందుకని ఇంకా భయపడ్డాడు.

ఎండాకాలమంతా కూతురు ఆఫీసులోనే రిజిస్టర్లు రాసింది. మళ్ళీ మబ్బులు కమ్ముతుండగా ఆఫీసరు పిలిచి తేల్చేశాడు. ఫలానా సోమవారానికి కొండ డ్యూటీలో చేరితే సరే, లేకపోతే ఆ రిజిస్టర్ల కుర్చీయే ఇక శాశ్వతం. పాతికేళ్ళు దాటిన మనిషి, తండ్రి సంతకం అక్కర్లేదు. కానీ నాన్న మొహం ముడుచుకుని కూర్చుంటే గడప దాటడం ఆమెకి చిన్నప్పటినుంచీ చేతకాదు.

“సంచీ మొయ్యలేరు కాబట్టే కదా అంత పనైంది,” అన్నాడు తండ్రి. “చొక్కా జేబులో పట్టేలా చిన్న డబ్బా చేసిస్తాను. ఒంటి మీదే ఉంటుంది. అది తయారవగానే వెళ్దువుగాని.”

కూతురు ఎగిరి గంతేసింది. గడువుకి ఇంకా ఆరు వారాలున్నాయి.

దగ్గు బిళ్ళలొచ్చే రేకు డబ్బా ఒకటి తీసుకున్నాడాయన. అరచేతిలో సగం ఉంటుంది. అందులోకి ఏమేం పోవాలో కాగితం మీద రాసుకుని, ఒక్కోటీ పోగేశాడు. అగ్గిపుల్లలు తడవకుండా కరిగించిన మైనంలో ముంచాడు. పాత వాచీ వెనక మూతని మొహం కనబడేంతగా రుద్ది, ఎండలో తళుక్కుమనిపిస్తే దూరంనుంచి కనబడేలా అద్దం చేశాడు. నీళ్ళు శుభ్రపరిచే బిళ్ళలు, నొప్పి బిళ్ళలు, కట్టుగుడ్డ భార్య తెచ్చిచ్చింది. చిన్న బ్లేడు, సూదీ, గట్టి నైలాను దారం, పెన్సిలు ముక్క, చొక్కా గుండీ అంత దిక్సూచి, సన్నటి ఈల. అన్నీ పట్టాయి. పట్టడమంటే మామూలుగా కాదు. ఒక్కో వస్తువునీ పట్టకారుతో పట్టి, దాని పక్కదానికి ఆనించి, వెంట్రుకవాసి సందు లేకుండా అమర్చాడు. ఆయన మనసుకి మాత్రం పట్టలేదు. మళ్ళీ అన్నీ బయటికి తీసి, దారాన్ని ఇంకో తీరుగా చుట్టాడు. మరో వారం మూత పని పట్టాడు. నీటిలో మునిగినా చెమ్మ దూరని వాచీలకి లోపల రబ్బరు రింగు ఉంటుంది కదా, అలాగే డబ్బా అంచు చుట్టూ రబ్బరు అతికి, మూతని ఆకురాయితో అరగదీసి, బిగించాడు. బకెట్లో ఒక రోజంతా ముంచి ఉంచితే లోపల చుక్క తడి లేదు. ఆ రోజు ఆయన నడకే వేరు.

“అయిందా నాన్నా?” అనేది కూతురు రోజూ.

“ఇంకాస్త పనుంది.”

“ఆ మీనమేషాలు లెక్కపెట్టడం చాలించి పిల్ల చేతికివ్వండి,” అనేది భార్య. ఆయనకి వినబడేది కాదు. వినబడకపోవడంలో ఆయన ఆరితేరినవాడు.

చివరికి శనివారం పొద్దున్న డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు. భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మూత మీద గోరు పెట్టి లాగింది. ఊడలేదు. చీర కొంగుతో పట్టి లాగింది. ఊడలేదు.

“ఏమండీ, ఇలా కూర్చోండి,” అంది.

“ఎందుకే?”

“కూర్చోండంటున్నాగా.”

ఆయన కుడి చేతిని తువ్వాలుతో కుర్చీకి కట్టేసింది. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తెచ్చి గిన్నెలో నీళ్ళలో వేసి, ఎడమ చేతిని అందులో పెట్టించింది. వంద లెక్కపెట్టాక బయటికి తీయించి, “మీరు కొండమీద పడ్డారు. చెయ్యి విరిగింది. వాన. తెరవండి,” అంది.

మాస్టారు తెరవబోయాడు. వేళ్ళు మాట వినలేదు. డబ్బాని ఒళ్ళో పెట్టుకుని లాగాడు, మోకాళ్ళ మధ్య ఇరికించి లాగాడు, చివరికి పళ్ళతో కూడా పట్టాడు. అది చేతిలోంచి జారి, బల్లకి తగిలి, గింగిరాలు తిరుగుతూ బీరువా కిందికి దూరిపోయింది. భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. పాపం, ఆయన జన్మలో తడి చేత్తో వాచీ ముట్టుకున్నవాడు కాదు. నీళ్ళు లోపలికి పోకూడదన్నదొక్కటే ఆయనకి తెలిసిన ధర్మం. చెయ్యి లోపలికి పోవాలన్న సంగతి తట్టలేదు.

కూతురు మాత్రం నవ్వలేదు. వంగి, చీపురు పుల్లతో డబ్బాని బయటికి లాగి, తుడిచి, తండ్రి ముందు పెట్టింది.

“నాన్నా, నువ్విది నాకోసం చెయ్యట్లేదు. నన్ను ఆపడానికి చేస్తున్నావు. ఇది ఎప్పటికీ అవదు.”

“అదేం మాటమ్మా...”

“కోపంతో అనట్లేదు. నువ్విలా కుమిలిపోతుంటే నేను వెళ్ళలేను. కుర్చీలోనే కూర్చుంటానని రాసేశాను. ఆ ఉత్తరం సోమవారం ఆఫీసులో ఇచ్చేస్తాను.”

గోడకి వేలాడుతున్న రెయిన్‌కోటు తీసి, నాలుగు మడతలు పెట్టి, బీరువా అడుగున పెట్టేసింది. తండ్రి కోరుకున్నది సరిగ్గా అదే. కోరుకున్నది చేతికొస్తే సంతోషించాలి కదా. ఆయనకి భోజనం సహించలేదు. కూతురు రాత్రిదాకా వాగుల ఊసే ఎత్తలేదు, గబగబా తినేసి లేచిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం కొట్లో కూర్చుని ఎవరిదో గోడగడియారం ముందేసుకున్నాడు గానీ పని సాగడంలేదు. అంతలో చేతికర్ర టక్కుటక్కుమంటూ ఒక మనిషి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. కాలు విరిగిన పెద్దాయన. కూతురు బాబాయ్ అని పిలిచేది ఆయన్నే. ఆఫీసులో ఒకసారి చూసిన మొహమే కాబట్టి మాస్టారు గుర్తుపట్టాడు.

“వాచీ చూపిద్దామని వచ్చానండీ,” అంటూ పెద్దాయన చేతి వాచీ తీసి ఇచ్చాడు.

మాస్టారు వెనక మూత తీసి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “దీనికేం రోగం లేదే.”

“రోగం వాచీకి కాదులెండి,” అన్నాడు పెద్దాయన. “మీ అమ్మాయి నిన్న ఫోన్ చేసింది, ఇక కొండకి రానని. అది మీ మాటా, తన మాటా?”

మాస్టారు వాచీ మూత బిగించాడు. “మీకు జరిగింది చూశాక ఏ తండ్రి పంపుతాడండీ?”

“నాకేం జరిగిందో మీకు తెలుసా?”

“పడ్డారు. ఆఫీసువాళ్ళు వెతికి తెచ్చారు.”

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. “ఆఫీసువాళ్ళు మర్నాడొచ్చారు. నన్ను వెతికింది మీ అమ్మాయండీ.”

అప్పుడు చెప్పుకొచ్చాడు. ఆ రోజు పని తొందరగా తెముల్చుకుందామని ఇద్దరూ చెరో వాగుకి వెళ్ళారు. చెప్పిన వేళకి పెద్దాయన జీపు దగ్గరికి రాలేదు. డ్రైవరు మనుషుల్ని తీసుకురావడానికి కిందికి వెళితే, ఆమె జీపులోంచి ఆ ప్రాణరక్షణ సంచీ తీసి వీపున వేసుకుని ఒక్కతే వెనక్కి కొండెక్కింది. పెద్దాయన అరిచి అరిచి గొంతు పోయి, రాయితో బండని కొడుతూ పడి ఉన్నాడు. ఆ చప్పుడు పట్టుకుని వచ్చింది. కొలకర్ర విరిచి కాలికి దన్నుగా పెట్టి కట్టు కట్టింది. మర్నాడు మనుషులొచ్చేదాకా ఆయన్ని నిద్రపోనివ్వకుండా, తనకి తెలిసిన వాగులన్నిటి కథలూ చెప్పింది.

“ప్రభుత్వ కొలకర్ర ఎందుకు విరిచావని తర్వాత ఆఫీసులో సంజాయిషీ కూడా అడిగారు,” అని నవ్వాడు పెద్దాయన. “మనిషి కాలు కొలవడానికి అని రాసిచ్చింది.”

మాస్టారు కంటికున్న భూతద్దం తీసేశాడు. కూతురు కొండమీద పడిపోయి ఉన్నట్టు ఏడాదిగా ఊహించుకుంటున్నాడే గానీ, పడిపోయినవాళ్ళ కోసం కొండెక్కుతున్నట్టు ఒక్కసారీ ఊహించుకోలేదు. గర్వంతో గుండె నిండిపోయింది. దానితోపాటే సిగ్గూ వచ్చింది.

“మాకెందుకు చెప్పలేదు?” అన్నాడు.

“చెబితే మళ్ళీ పంపుతారా అంది. ఈసారి ఎవరూ ఒంటరిగా తిరగకూడదని ఆర్డరేశారు లెండి. పైకి కొత్త మనిషి తోడొస్తాడు, నేను కింద జీపు దగ్గరుంటాను. ఆ కొత్తతనికి కొండంటే ఏమిటో తెలియదు. నేర్పాలంటే మీ అమ్మాయే నేర్పాలి.”

పెద్దాయన వెళ్ళాక మాస్టారు జేబులోంచి డబ్బా తీశాడు. స్క్రూడ్రైవరు పెట్టి లేపితే గాని ఆయనకే మూత ఊడలేదు. అంచు చుట్టూ ఉన్న రబ్బరంతా బ్లేడుతో గీకేశాడు. తడి తగలకూడనివాటిని చిన్న ప్లాస్టిక్ కవర్లో చుట్టాడు. మూతకి చిల్లు పెట్టకుండా, పళ్ళతో పట్టి లాగేలా లావుపాటి దారం ఉంగరంలా అతికించాడు. ఈలని లోపల దాచకుండా ఆ దారానికే కట్టాడు. గట్టిగా ఆలోచించి సగం సామాను తీసి పక్కన పెట్టాడు. ఆరు వారాలు తెమలని పని అరగంటలో అయింది. లేచేటప్పుడు మెట్టు తలకి తగిలింది, తిట్టడం మర్చిపోయాడు.

సోమవారం తెల్లవారింది. కూతురు ఆఫీసుకి తయారై, రాసిన ఉత్తరం సంచీలో పెట్టుకుంటోంది. తండ్రి బీరువా అడుగునుంచి రెయిన్‌కోటు తీసి, మడతలు దులిపి ఆమె చేతికిచ్చాడు. దానిమీద డబ్బా పెట్టాడు.

“మీ బాబాయ్ వచ్చాడు నిన్న,” అన్నాడు.

కూతురు తల వంచుకుంది. “తిడతావా?”

“తిట్టాల్సింది నిన్ను కాదులే. తెరిచి చూడు.”

ఆమె డబ్బాని ఎడమ చేత్తో పట్టుకుని, దారాన్ని పళ్ళతో లాగింది. మూత టప్పున వచ్చేసింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి కళ్ళు తుడుచుకుంది. లోపల ఒక పక్కన సామాను ఉంది. రెండో పక్క ఏమీ లేదు, రేకు కనబడుతోంది.

“ఇక్కడేం పెట్టడం మర్చిపోయావు నాన్నా?”

“మర్చిపోలేదమ్మా. అది నీకు వదిలేశాను. అక్కడేం కావాలో నాకేం తెలుసు? నేను ఏనాడూ కొండెక్కినవాణ్ణి కాదు.”

కూతురు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఉత్తరం తీసి, నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది. లోపలి గదిలోకి వెళ్ళి అంటుకునే టేపు తెచ్చింది. కట్టు ఊడకుండా అతకడానికి ఉంటుందని, పెన్సిలు ముక్క చుట్టూ దాన్ని నాలుగైదు చుట్లు చుట్టింది. రెండు చాక్లెట్లు వేసింది. కొత్తతను కళ్ళు తిరిగి పడితే అవి పనికొస్తాయట. టేపు వంకరగా చుట్టింది. ఒక అంచు పైకి లేచి, మూతకి అడ్డం పడుతోంది. వేలితో ఒక్క నొక్కు నొక్కితే సరిపోయేది.

తండ్రి చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. సగం దూరం వెళ్ళి ఆగింది. ఆయన దాన్ని వెనక్కి తీసుకుని, వీపు వెనకాల రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. కూతురు రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి మూత పెట్టి, డబ్బాని చొక్కా జేబులో వేసుకుంది.

“వెళ్ళిరామ్మా,” అన్నాడాయన.